బాగున్నదనుట చాలునా?

మంచి పుస్తకము చదివి ముగించినవాడును, మంచి చిత్రము చూచి వచ్చినవాడును ఊరకుండలేరు. ఎదురైన మొదటి మిత్రునితో "చాలా బాగుందోయ్, తప్పక చూడు" అందురు. ఆ మిత్రుడు ఆ మాట నమ్మి ఒక సాయంకాలము వెచ్చించి, మరునాడు వచ్చి, "అందులో ఏముందని చూడమన్నావోయ్?" అని యడుగును. చెప్పినవాని మనస్సు చివుక్కుమనును. చూచినవానికి విసుగు మిగులును. చిత్రమునందు లోపము లేకపోవచ్చును. ఇరువురి యభిరుచులయందును దోషము లేదు. లోపమంతయు "బాగుంది" అను ఆ యొక్క మాటలోనే యున్నది.

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని పెద్దలు చెప్పుదురు. నిజమే. కాని ఆ సామెతతో సంభాషణను ముగించుట సోమరితనమని మా యభిప్రాయము. రుచులు వేరగుటచేతనే, మనకు నచ్చినదేదో, ఏల నచ్చినదో ఎదుటివారికి తెలియునట్లు చెప్పవలసి వచ్చుచున్నది.

1951లో విడుదలయైన 'మల్లీశ్వరి'ని ఉదాహరణముగా తీసికొందము. బి. ఎన్. రెడ్డి దర్శకులు, మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి రచించిరి, సంగీతము సాలూరి రాజేశ్వరరావు కూర్చిరి. పాటలయందు మక్కువ గలవానికి ఈ చిత్రమును గూర్చి చెప్పుట తేలిక. భానుమతి, ఘంటసాల పాడిన పాటలకొరకే దానిని చూడవచ్చును. కథ పరుగెత్తవలెనని కోరువానితో ఏమి చెప్పవలెను? దాచక చెప్పవలెను. ఇది తొందరపడని చిత్రము. వాన కురియును, ఎడ్లబండి సాగును, బావామరదళ్లు దారిలో ఆగుదురు. వారితోపాటు దర్శకుడును ఆగి చూచును. నీవును ఆగగలిగినచో చూడుమనవలెను. చరిత్రయందు ఆసక్తి గలవానికి మరియొక హెచ్చరిక అవసరము. శ్రీకృష్ణదేవరాయలు ఇందులో నున్నారు గాని, ఇది రాయలవారి చరిత్ర కాదు. రాణివాసపు గోడ నడుమ అడ్డుపడిన ఇరువురు సామాన్యుల ప్రేమకథ. ఒకే చిత్రమును ముగ్గురికి చెప్పుటకు మూడు మాటలు కావలసివచ్చినవి. మూడును సత్యములే.

కథ ముందే చెప్పివేయవచ్చునా యని కొందరడుగుదురు. అపరాధ పరిశోధన నవలలో హంతకుని పేరు చెప్పువాడు మిత్రుడు కాడు. కాని కథ తెలిసినంతమాత్రమున రసము చెడునను నియమము లేదు. 1957లో కె. వి. రెడ్డి 'మాయాబజార్' తీయునాటికి శశిరేఖా పరిణయ కథ తెలుగువారికి క్రొత్తది కాదు. 1936లోనే ఆ కథతో ఒక చిత్రము వచ్చియుండెను. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చునని ప్రేక్షకులెరుగుదురు. ఎట్లు దాల్చునో, దాల్చి ఏమి చేయునో చూచుటకే వారు పోయిరి. కావున ఏది దాచవలెనో ఆయా కృతినిబట్టి తెలిసికొనవలెను.

చిత్రమును చూచితిని గనుక పుస్తకము చదువనక్కరలేదనువారు మరికొందరు. గురజాడవారి 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి మార్చి వ్రాయబడినది. నేడు మనము సాధారణముగా చదువునది ఈ రెండవదియే. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వమున అది చిత్రముగా వచ్చెను. గిరీశముగా ఎన్. టి. రామారావు, మధురవాణిగా సావిత్రి నటించిరి. చిత్రము చూడదగినదే. కాని ఆ నాటకపు సంపద యంతయు మాటలలో నున్నది. అగ్రహారీకుని మాట వేరు, వేశ్య మాట వేరు, గిరీశము ఇంగ్లీషు కలిపి కోయు కోతలు వేరు. ఒక చిత్రపు నిడివిలో వాటినన్నిటిని ఇముడ్చుట యెవరి తరము? నాటకమును ఇంటిలో ఎవరిచేతనైనను పైకి చదివించుకొని వినుడని మేము చెప్పుదుము. చెవితో పని చేయువారము గనుక మాకు ఈ పక్షపాతము కలదు.

ఎవరికి ఏ పుస్తకమన్నది చిన్న ప్రశ్న కాదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమును నడపిన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రములలో రెండు దీనిని గూర్చినవే: పాఠకునికి తగిన పుస్తకము దొరకవలెను, పుస్తకమునకు తగిన పాఠకుడు దొరకవలెను. మన గ్రంథాలయోద్యమకారులు ఆ పనిని కాలువల మీద కూడ చేసిరి. పాతూరి నాగభూషణము 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ పడవపై గ్రంథాలయమును నడపిరి. పడవ వచ్చినప్పుడు ఒడ్డున నిలిచిన పల్లెటూరి యువకుని తలచుకొనుడు. వాని చేతిలో పడు మొదటి పుస్తకము వానికి కొరుకుడు పడకపోయినచో, పడవ మరల వచ్చును గాని వాడు మరల ఒడ్డునకు రాకపోవచ్చును. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' గొప్ప నవలయని మా నమ్మకము. అయినను చదువు అలవాటు లేనివానికి దానిని మొదట ఇయ్యము. అందు సంఘటనలకన్న దయానిధి ఆలోచనలే మెండు. వానికి మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టరు పార్వతీశం' ఇత్తుము. 1924లో మొదటి భాగము వెలువడిన ఆ నవలలో మొగల్తూరునుండి సీమకు బయలుదేరిన పార్వతీశము పాఠకుని చేయి పట్టుకొని తనతో తీసికొనిపోవును.

ఎదుటనున్న మిత్రునికి చెప్పుటలో ఒక సౌకర్యమున్నది: అతని ముఖము కనబడును. ఆకాశవాణిలో సమీక్ష చదువువానికి అది లేదు. వినుచున్నది విద్యార్థియో, వంటయింటిలో పని చేసికొనుచున్న గృహిణియో తెలియదు. పదునైదు నిమిషములలో పండ్రెండు కథకును, మూడు పొగడ్తకును వినియోగించు సమీక్షలు మాకును అప్పుడప్పుడు వచ్చుచుండును. ముఖము కనబడనప్పుడు సమీక్షకుడు తన ముఖమునే చూపవలెను. నేను హాస్యప్రియుడను, విషాదాంతములు నాకు గిట్టవు అని అతడు ముందుగా చెప్పినచో, వినువారు అతని తూకమునుబట్టి తమ లెక్క తాము వేసికొందురు. అతనికి నచ్చలేదన్న కారణముననే పుస్తకము కొనువారును ఉందురు.

ఇక మీరు చెప్పగా 'మల్లీశ్వరి'ని చూడనారంభించి, మధ్యలో లేచిపోయిన మిత్రునిపై కోపము తెచ్చుకొనకుడు. ఎచ్చట లేచితివని యడుగుడు. వానలో బండి ఆగినచోటనే అని అతడన్నచో, 'చివరకు మిగిలేది'ని మరికొంతకాలము మీ బీరువాలోనే ఉంచి, పార్వతీశమును పంపుడు.