ఆరు వందల అడుగుల పాఠం

ఒలింపిక్స్‌లో పేరు నమోదైన మొదటి విజేత ఓ వంటవాడని గ్రీకు రచయితలు రాశారు. ఎలిస్ వాసి కొరోయిబోస్ క్రీ.పూ. 776లో ఒలింపియా పరుగు పందెం గెలిచాడు. ఎన్ని సెకన్లలో అంటే జవాబు లేదు. అప్పట్లో ఎవరు ముందొచ్చారన్నదే లెక్క. రెండో స్థానానికి విలువే లేదు.

పందెం దూరం 600 అడుగులు. ఒలింపియాలో అది 192 మీటర్ల పైచిలుకు, డెల్ఫీలో 178 మీటర్ల లోపే. ఊరికో అడుగు కొలత ఉండడమే ఈ తేడాకు కారణం. ఒలింపియాలో వీరుడు హెరాక్లిస్ తన పాదాలతోనే కొలిచాడని పురాణం. ఇంతకంటే మంచి లెక్కల పాఠం దొరకదు. ఏడో తరగతి పిల్ల పాదం 22 సెంటీమీటర్లు ఉంటే, ఆమె ‘ఒలింపియా’ 132 మీటర్లకే అయిపోతుంది. పక్కనున్న పొడుగు పిల్లాడిది ఇంకాస్త సాగుతుంది. సున్నంతో రెండు గీతలూ గీస్తే చాలు, అందరికీ ఒకే కొలత ఎందుకు కావాలో పిల్లలే చెబుతారు.

ఒలింపియాలో పరుగు మొదలయ్యే చోట పరిచిన రాతి పలకలు నేటికీ ఉన్నాయి. కాలి వేళ్లు ఆనించడానికి వాటి మీద రెండు గాడులు చెక్కారు. సైగకు ముందే కదిలితే కొరడా దెబ్బలు. మోసం చేస్తే జరిమానా. ఆ సొమ్ముతో జ్యూస్ దేవుడి కంచు విగ్రహాలు పోతపోయించి, క్రీడాకారులు మైదానంలోకి వెళ్లే దారిలోనే నిలబెట్టేవారు. పిల్లలు ఎక్కువగా గుర్తుపెట్టుకునేది ఈ ముచ్చటే.

చిక్కల్లా పాతనూ కొత్తనూ కలిపేసి చెప్పడంతోనే. మారథాన్ ప్రాచీన పోటీ కాదు, 1896లో ఏథెన్స్‌లో మొదలైంది. దాని 42.195 కిలోమీటర్ల దూరం 1908 లండన్ క్రీడల నాటిది. అయిదు వలయాలు 1913లో ఆధునిక ఒలింపిక్స్‌కు ఆద్యుడైన కూబర్టిన్ గీసినవి. గ్రీసు నుంచి కాగడా చేతులు మారుతూ రావడం 1936లో, నాజీల ఏలుబడిలోని బెర్లిన్ క్రీడలతో మొదలైంది. ఒలింపిక్ సంధితో యుద్ధాలన్నీ ఆగిపోయేవన్నదీ సగం నిజమే. క్రీడలకు వచ్చిపోయేవారికి దారిలో రక్షణ కల్పించడమే దాని అసలు పని. డిస్కస్, ఈటె, కుస్తీ మాత్రం నిజంగా పాతవే. లాంగ్‌జంప్ కూడా అంతే, కాకపోతే అప్పట్లో రెండు చేతుల్లో బరువులు పట్టుకుని దూకేవారు.

పెళ్లయిన స్త్రీలకు ఒలింపియాలో చూసే హక్కు కూడా లేదు. స్పార్టా రాకుమారి కినిస్కా క్రీ.పూ. 396లో రథాల పందెం గెలిచిందంటే, గుర్రాలు ఆమెవి కాబట్టి. బహుమతి యజమానికే దక్కేది. ఆధునిక క్రీడల్లో స్త్రీలు అడుగుపెట్టింది 1900లో, పారిస్‌లో. వెయిట్‌లిఫ్టింగ్‌లో వారికి చోటు 2000 దాకా రాలేదు. ఆ ఏడాదే సిడ్నీలో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. 130 కిలోలంటే ఎంతో తెలియాలంటే మధ్యాహ్న భోజనం గదిలోని యాభై కిలోల బియ్యం బస్తాను పిల్లలతో ఒక్కసారి కదిలించి చూడమంటే సరి. అలాంటివి రెండున్నరకు పైమాటే.

వికలాంగుల కోసం పారాలింపిక్స్ 1960లో రోమ్‌లో మొదలయ్యాయి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆమె పరుగుకు సెకనులో నూరో వంతు దాకా లెక్క ఉంది: 55.82 సెకన్లు.