వెళ్లిన దారి వేరు, వచ్చిన దారి వేరు

పండుగ నాడు దైవప్రవక్త ముహమ్మద్‌ (స) ఒక దారిన వెళ్లి మరో దారిన తిరిగి వచ్చేవారు. హజ్రత్‌ జాబిర్‌ (ర) తెలిపిన ఈ విషయం బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. దారి మార్చడంలో అంత విశేషం ఏముందని అనిపించవచ్చు. కాని ధర్మవేత్తలు దీని గురించి ఎంతో ఆలోచించారు. 15వ శతాబ్దపు హదీసు పండితుడు ఇబ్నె హజర్‌ అస్ఖలానీ వారు చెప్పిన కారణాలన్నీ పోగు చేస్తే 20కి పైగా తేలాయి. రెండు దారుల్లోని వారికీ సలాం చెప్పడానికని కొందరన్నారు. రెండు వీధుల్లోని పేదలకూ దానం అందాలని కొందరన్నారు. రెండు దారులూ రేపు సాక్ష్యం పలుకుతాయని మరికొందరన్నారు.

ఇక మన సంగతి చూడండి. ఇంటి నుంచి దుకాణానికి, దుకాణం నుంచి మసీదుకు, మసీదు నుంచి ఇంటికి. ఏళ్ల తరబడి అదే గల్లీ, అదే మలుపు, అదే హోటల్లో అదే చాయ్‌. కాళ్లు వాటంతటవే నడుస్తాయి, కళ్లు దేన్నీ చూడవు. పక్క గల్లీలో ఎవరు జబ్బు పడ్డారో, ఎవరింట బిడ్డ పుట్టిందో మనకు తెలియదు. ఇల్లాలి సంగతి ఇంతకన్నా కష్టం. ఫజ్ర్‌ నుంచి ఇషా దాకా ఆమెకు పొయ్యి, గిన్నెలు, బట్టలు తప్ప మరో లోకం ఉండదు. ఏ లోటూ లేదు గాని మనసుకు హుషారు లేదనే మాట ఇలాంటి ఇళ్లలోనే వినిపిస్తుంది.

అలాగని దినచర్య చెడ్డదేమీ కాదు. కొంచెమైనా సరే, నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు ప్రియమైనదని ప్రవక్త (స) బోధించారు. అయిదు పూటల నమాజు విశ్వాసి దినచర్యకు వెన్నెముక. అయితే నిలకడ వేరు, విసుగు వేరు. హజ్రత్‌ అబ్దుల్లాహ్‌ బిన్‌ మస్‌ఊద్‌ (ర) గురువారం నాడు మాత్రమే ప్రజలకు ధర్మబోధ చేసేవారు. రోజూ చెప్పండని ఒకరు కోరితే, మీకు విసుగు పుట్టించడం ఇష్టం లేదని, ప్రవక్త (స) కూడా తమ విషయంలో ఇదే జాగ్రత్త తీసుకునేవారని ఆయన బదులిచ్చారు. ధర్మబోధకే విరామం అవసరమైనప్పుడు దుకాణం లెక్కలకు, వంటింటి చాకిరీకి వేరే చెప్పాలా?

ప్రవక్త (స) ఒక ప్రయాణంలో హజ్రత్‌ ఆయిషా (ర)తో పరుగు పందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలం తర్వాత మళ్లీ పందెం వేసి ఆయన గెలిచారు, అప్పటి గెలుపుకు ఇది చెల్లని చమత్కరించారు. ఒక పండుగ నాడు హబషీలు మసీదులో బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే, ఆమె తనివితీరా చూసేదాకా ఓపికగా నిలబడి చూపించారు. వీటికి ఒక్క దిర్హమ్‌ కూడా ఖర్చు కాలేదు సుమా!

మనకూ పెద్ద ఖర్చేమీ కాదు. హైదరాబాదు పాతబస్తీలో నిత్యం చార్మినార్‌ పక్కనుంచే వెళ్లివచ్చే వారెందరో! 1591 నాటి ఆ కట్టడం పై అంతస్తులో ఒక చిన్న మసీదు ఉందని వారిలో ఎంతమంది తమ పిల్లలకు చెప్పి ఉంటారు? అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది. కుతుబ్‌షాహీల కాలపు రంగురంగుల పలకలు దాని గోడలపై నేటికీ కనువిందు చేస్తాయి. పత్తర్‌గట్టీలో బట్టల బేరం ముగించుకుని మనం అటునుంచి అటే బస్సెక్కేస్తాం.

గుంటూరైనా, కడపైనా, ఏ చిన్న పల్లెటూరైనా ఇంతే. చూడని వీధి ఒకటి, పలకరించని మనిషి ఒకరు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వారంలో ఒక సాయంత్రం వంట బాధ్యత మగవారు తీసుకుని ఇల్లాలికి తీరిక ఇవ్వవచ్చు. అస్ర్‌ తర్వాత పిల్లల చేయి పట్టుకుని చెరువు గట్టు దాకా నడవవచ్చు. ఎప్పుడూ ఇచ్చే చోట కాకుండా మరో వీధిలోని నిరుపేదకు దానం ఇవ్వవచ్చు.

ప్రవక్త (స) దారి మార్చారే గాని నమాజు మానలేదు, ఇల్లు మరవలేదు. చేయవలసిన పనులు చేస్తూనే మనమూ దారి మార్చవచ్చు. ఈ రోజు జుమా నమాజు ముగిశాక పక్క గల్లీ నుంచి ఇంటికి వెళ్లి చూడండి. మహా అయితే నాలుగు నిమిషాలు ఆలస్యమవుతుంది. గుమ్మంలో కూర్చున్న ఏ ముసలాయనకో మీ సలాం అందుతుంది. ఆ రోజంతటికీ ఆయనకు దక్కే పలకరింపు అదొక్కటే కావచ్చు.