అడిగి వెళ్లిన ప్రయాణం

శీతాకాలపు సెలవులలో విహారయాత్ర అనే మాట నేడు మన కుటుంబాలలోనూ వినబడుతోంది. గల్ఫ్ దేశాలలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకు మధ్యధరా సముద్రం కొద్ది గంటల విమాన ప్రయాణం. గత డిసెంబరులో దుబాయిలోని మా అమ్మాయి, అల్లుడు తమ పిల్లలతోపాటు మమ్మల్ని సైప్రస్ ద్వీపానికి తీసుకువెళ్లారు.

మధ్యధరా దీవులలో సిసిలీ, సార్డీనియాల తరువాత పెద్దది సైప్రస్. అక్కడి లార్నకా విమానాశ్రయానికి చేరువలోనే ఒక ఉప్పు సరస్సు ఉంది. వేసవిలో ఎండి, తెల్లని ఉప్పు పొరగా మారే ఆ సరస్సు చలికాలపు వానలకు నిండుతుంది. అప్పుడు వేల సంఖ్యలో ఫ్లెమింగోలు వచ్చి వాలుతాయి. మన పులికాట్ సరస్సుకు వచ్చే పక్షులే అక్కడా కనిపించేసరికి పిల్లలు కేరింతలు కొట్టారు.

ఆ సరస్సు పడమటి ఒడ్డున, ఖర్జూర చెట్ల నడుమ ఒక గుమ్మటం, ఒక మినార్ కనిపిస్తాయి. అదే హాలా సుల్తాన్ తెక్కె. ఇప్పుడున్న మసీదు ఉస్మానియా పాలనలో, 19వ శతాబ్ది ఆరంభంలో పూర్తయింది. హజ్రత్ ఉమ్మె హరామ్ (రజి) సమాధి ఇక్కడే ఉన్నదని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆమె హజ్రత్ అనస్ (రజి) గారి పినతల్లి, హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి) గారి సతీమణి. దైవప్రవక్త (స)కు ఆమె మహ్రమ్ బంధువని ధర్మవేత్తలు వివరించారు.

మసీదులో జుహర్ నమాజు ఖస్ర్‌గా చేసుకున్నాక, బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఆమె వృత్తాంతం పిల్లలకు చెప్పాము. ఒకనాడు దైవప్రవక్త (స) ఆమె ఇంట కునుకు తీసి చిరునవ్వుతో మేల్కొన్నారు. తన సముదాయంలో కొందరు సింహాసనాలపై రాజుల మాదిరిగా సముద్రయానం చేయడం కలలో చూశానని తెలిపారు. తానూ వారిలో ఉండేలా దుఆ చేయమని ఆమె వెంటనే కోరారు. ఆయన దుఆ చేశారు. మళ్లీ అటువంటి కలే వచ్చినప్పుడు ఆమె మళ్లీ అడిగారు. నీవు మొదటి బృందంలోని దానివని ఆయన సెలవిచ్చారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 28 ప్రాంతంలో, హజ్రత్ ముఆవియా (రజి) నాయకత్వాన సాగిన నౌకాయాత్రలో ఆమె భర్తతో బయలుదేరారు. సముద్రం దాటి ఒడ్డున దిగాక, వాహన జంతువుపై నుంచి పడి మరణించారు.

సమాధి వద్ద సలామ్ చెప్పి, ఆమె కోసం అల్లాహ్‌ను వేడుకున్నాము. సమాధిలో ఉన్నవారి నుంచి ఏదీ కోరకూడదని పిల్లలకు బోధించడానికి కూడా అది తగిన చోటే.

బయటికి వచ్చాక పదేళ్ల మనవరాలు ఒక ప్రశ్న వేసింది: "నానా, ఆమె నన్నూ తీసుకెళ్లమని అడిగింది కదా! మరి మన నానీ ఎప్పుడూ ఏమీ అడగదేం?"

ఆ ప్రశ్న ఒక్క మా ఇంటిది కాదు. ఎక్కడికి వెళ్లాలో, ఎప్పుడు తిరిగి రావాలో పురుషులు నిర్ణయిస్తారు. తల్లులు సంచులు సర్దుతారు, వెళ్లిన చోట కూడా పొయ్యి దగ్గరే నిలబడతారు. ప్రవక్త (స) ఎదుట ఒక స్త్రీ తన కోరికను ఒకటికి రెండుసార్లు నోరు తెరిచి చెప్పారు. ఆయన కాదనలేదు. ఆ ఆదర్శం మన ఇళ్లలో ఎంత ఉంది?

"ఏం కావాలి?" అని మనవరాలే నానీని అడిగింది. మోకాళ్ల నొప్పితో నెమ్మదిగా నడుస్తున్న ఆమె కాసేపు ఆలోచించి, "వంట సంగతి వదిలేసి, పొద్దు గూకేదాకా ఇక్కడే కూర్చోవాలని ఉంది" అన్నది. అక్కడ డిసెంబరులో అయిదు గంటల లోపే మగ్రిబ్ అవుతుంది. అస్ర్ నమాజు తరువాత అందరమూ ఆ ఒడ్డునే కూర్చున్నాము. ఎర్రబడిన నీటిపై పక్షులు లేచి వాలుతుంటే ఆమె కళ్లు తిప్పుకోలేదు. ఆ రాత్రి అల్లుడు, మనవడు కలిసి చేపల కూర వండారు.

సెలవులలో ప్రయాణం ధర్మసమ్మతమే. అయితే అందుకోసం అప్పు చేయకూడదు, నమాజు తప్పిపోకూడదు, తినేది హలాలో కాదో విచారించుకోవాలి. వీటికి ముందు మరొక పని ఉంది. టికెట్లు కొనక మునుపే ఇంట్లోని స్త్రీలను, పిల్లలను కూర్చోబెట్టి, వారి మనసులో ఏముందో అడగండి. జవాబు వెంటనే రాకపోతే మరోసారి అడగండి.