చెదపురుగు కడుపులో ఎంజైములు

2011లో ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకి జిల్లాలో ఒక బ్యాంకు శాఖ స్ట్రాంగ్‌రూములో చెదలు చేరి దాదాపు కోటి రూపాయల నోట్లు తినేశాయి. ఆ వార్త చదివి నవ్వుకున్నవాళ్ళే మర్నాడు తమ రికార్డు గదులు తీసి చూసుకున్నారు. నాకు మాత్రం ఒక సందేహం మిగిలిపోయింది. నోటులో చెదకు తిండి ఏముంది?

మన నోట్ల కాగితం పత్తితో చేస్తారు. పత్తి అంటే దాదాపు అంతా సెల్యులోజే. అది గ్లూకోజ్ అణువుల గొలుసు. అన్నంలోని పిండిపదార్థం కూడా గ్లూకోజ్ గొలుసే, తేడా అంతా లంకెలో ఉంది. అన్నంలోని లంకె విప్పే ఎంజైము మన లాలాజలంలోనే ఉంది. సెల్యులోజ్ లంకె విప్పేది మన ఒంట్లో లేదు. అందుకే బియ్యం మనకు, గడ్డి గేదెకు. నిజానికి గేదెకూ ఆ విద్య సొంతంగా రాదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. చెద కొంత ఎంజైము తానే తయారు చేసుకుంటుంది, మిగతా భారం దాని పేగులోని సూక్ష్మజీవులది.

ఆ సూక్ష్మజీవుల్లో చాలావాటిని ప్రయోగశాలలో పెంచడం కుదరదు. అందుకని శాస్త్రజ్ఞులు వాటిని పెంచే ప్రయత్నం మాని, పేగులో ఉన్న మొత్తం డీఎన్‌ఏను ఒకేసారి తీసి చదివారు. కోస్టారికా చెదల మీద చేసిన ఈ పని 2007లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. చెక్కను, పీచును కోసే ఎంజైముల జన్యువులు వందల్లో దొరికాయి. పనికొచ్చే జన్యువును తేలిగ్గా పెరిగే మరో బాక్టీరియాలో పెడితే, అది ట్యాంకులో ఆ ఎంజైమును తయారుచేస్తుంది. చెదలను పెంచక్కర్లేదు. (రికార్డు గదిలో మందు కొట్టించడం మాత్రం మానకండి!)

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది కాగితపు మిల్లుల సంగతి. ఉడికిన గుజ్జు గోధుమరంగులో ఉంటుంది. దాన్ని తెల్లబరచడానికి క్లోరిన్ రసాయనాలు వాడతారు, ఆ మురుగు ఎక్కడికి పోతుందో మనకు తెలుసు. ముందుగా జైలనేజ్ అనే ఎంజైముతో పీచును వదులు చేస్తే ఆ రసాయనాలు తక్కువ సరిపోతాయి. చిక్కేమిటంటే గుజ్జు క్షారంగా, వేడిగా వస్తుంది, మామూలు ఎంజైములు అందులో నిలవవు. మట్టి తినే కొన్ని చెదల పేగులో ఒక భాగం దాదాపు సున్నపు తేటంత క్షారంగా ఉంటుంది. అక్కడ పనిచేసే ఎంజైము మిల్లులోని క్షారానికీ తట్టుకోవచ్చన్నది ఆశ. వేడికి తట్టుకోవడం వేరే పరీక్ష.

ఇక వరిగడ్డి. 2022 ఆగస్టులో పానిపట్‌లో ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ కర్మాగారాన్ని ఏడాదికి సుమారు 2 లక్షల టన్నుల గడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా కట్టారు. అంటే టన్నుకు 150 లీటర్లు. పొలంలో కాల్చేసే గడ్డికి ధర వస్తుంది. ఇలాంటి కర్మాగారాల్లో ఎంజైముల ఖర్చు పెద్ద పద్దు. రుణం ఇచ్చేవారు ప్రాజెక్టు రిపోర్టులో ముందు చూడాల్సింది ఆ అంకెనే అని నా అభిప్రాయం.

ఈ రంగంలో ఇప్పటికీ పెద్దన్న కీటకం కాదు, ట్రైకోడెర్మా రీసై అనే బూజు. రెండో ప్రపంచ యుద్ధంలో సాలొమన్ దీవుల్లో అమెరికా సైన్యం డేరాలను తినేస్తుంటే పట్టుకున్నారు దాన్ని. చెద ఎంజైములు దాన్ని తోసేస్తాయని నేననుకోను, దానితో కలిపి వాడితే మేలు. ఎందుకంటే గడ్డిలో సెల్యులోజ్‌ను లిగ్నిన్ కప్పి ఉంచుతుంది. కర్మాగారం దాన్ని ఆవిరితోనో ఆమ్లంతోనో ముందు విడగొట్టుకోవాలి. చెద ఆ పనిని మామూలు ఉష్ణోగ్రతలో, నమిలి చేసేస్తుంది.