పగటి ఎండ, రాత్రి వెలుగు: రెండు దిక్కులా పనిచేసే హైడ్రోజన్ ఇంధన ఘటాలు

నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్కేంద్రంలో ఎనిమిది యూనిట్లు ఉన్నాయి. వాటిలో ఏడు రెండు దిక్కులా తిరుగుతాయి. జలాశయం నీరు కిందికి దిగేటప్పుడు అవి టర్బైన్లుగా విద్యుత్తును ఇస్తాయి. విద్యుత్తు మిగులుగా ఉన్న వేళ అవే పంపులుగా మారి దిగువ నీటిని మళ్లీ పైకి ఎక్కిస్తాయి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు యూనిట్లూ ఈ కోవకు చెందినవే. పైకెక్కించిన నీరే అక్కడ నిల్వ ఉంచిన విద్యుత్తు.

ఇదే పనిని కొండ, జలాశయం లేని చోట చేయవచ్చునా అన్న ప్రశ్నకు రసాయనశాస్త్రం ఇచ్చే జవాబుల్లో ఒకటి, రెండు దిక్కులా పనిచేసే హైడ్రోజన్ ఇంధన ఘటం. దీనినే రివర్సిబుల్ ఫ్యూయల్ సెల్ అంటారు.

అవసరం ఎక్కడిది?

బెంగళూరుకు ఉత్తరాన, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని, తెలుగు విరివిగా వినిపించే పావగడ తాలూకాలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. మధ్యాహ్నం అక్కడ విద్యుత్తు పుష్కలంగా పుడుతుంది. నగరంలో దీపాలు, లిఫ్టులు, నీటి మోటార్లు ఒక్కసారిగా పనిలో పడేది మాత్రం సాయంత్రం, ఎండ వాలిన తరువాత. ఆ వేళ సరఫరా ఆగితే అపార్టుమెంట్లలో డీజిల్ జనరేటర్లు మోగుతాయి. వాటి పొగ కింది అంతస్తుల కిటికీలకు చేరుతుంది. పగటి విద్యుత్తును రాత్రికి దాచుకోగలిగితే ఆ డీజిల్ అవసరం తగ్గుతుంది.

ఘటం లోపల జరిగేది

1800లో విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ అనే ఇద్దరు ఆంగ్లేయులు నీటిలోకి విద్యుత్తును పంపి దానిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడదీశారు. ఇదే విద్యుద్విశ్లేషణ. 1839లో విలియం గ్రోవ్ దీనికి తిరుగు దారిని చూపాడు. ఆ రెండు వాయువులు ప్లాటినం సమక్షంలో కలిసి నీరుగా మారుతూ విద్యుత్తును ఇచ్చాయి. వృత్తిరీత్యా న్యాయవాది అయిన గ్రోవ్ తరువాతి కాలంలో న్యాయమూర్తి అయ్యాడు.

నేటి ఘటంలో రెండు ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య ఒక పలుచని పొర ఉంటాయి. ఆ పొర ప్రోటాన్లను పోనిస్తుంది, ఎలక్ట్రాన్లను పోనివ్వదు. పగలు సౌర విద్యుత్తు అందినప్పుడు ఒక వైపున నీరు విడిపోయి ఆక్సిజన్ వెలువడుతుంది. ప్రోటాన్లు పొర దాటి అవతలి వైపుకు చేరి, బయటి తీగ గుండా వచ్చిన ఎలక్ట్రాన్లతో కలిసి హైడ్రోజన్ అవుతాయి. రాత్రి ఈ ప్రయాణం తిరగబడుతుంది. హైడ్రోజన్ ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. పొర అడ్డగించిన ఎలక్ట్రాన్లు తీగ గుండానే పోవలసి వస్తుంది. ఆ ప్రవాహమే విద్యుత్తు. చివరికి మిగిలేది నీరు, కొంత వేడి.

రెండు పనులూ ఒకే ఘటం చేస్తే అది నిజమైన ద్విముఖ ఘటం. కాని నీటిని విడదీయడానికి అనుకూలించే ఉత్ప్రేరకం, వాయువులను కలపడానికి అంతగా అనుకూలించకపోవచ్చు. అందువల్ల విడదీసే యంత్రాన్ని, కలిపే యంత్రాన్ని వేరువేరుగా అమర్చి, నడుమ నిల్వ తొట్టిని ఉంచే పద్ధతి కూడా వాడుకలో ఉంది.

సింహాద్రి ఉదాహరణ

విశాఖపట్నం సమీపంలోని సింహాద్రి కేంద్రంలో ఇటువంటి ఏర్పాటును నెలకొల్పనున్నట్టు ఎన్‌టీపీసీ 2021 డిసెంబరులో ప్రకటించి, ఆ పనిని బ్లూమ్ ఎనర్జీ సంస్థకు అప్పగించింది. ప్రకటించిన రూపకల్పన ప్రకారం అక్కడి జలాశయంపై తేలే సౌర ఫలకల విద్యుత్తుతో 240 కిలోవాట్ల విశ్లేషణ యంత్రం పగలు హైడ్రోజన్‌ను తయారు చేస్తుంది. దానిని అధిక పీడనంతో నిల్వ చేస్తారు. సాయంత్రం 5 గంటల నుంచి ఉదయం 7 గంటల వరకు 50 కిలోవాట్ల ఇంధన ఘటం దాని నుంచి విద్యుత్తును ఇస్తుంది.

ఈ అంకెలతో చిన్న లెక్క వేయవచ్చు. విశ్లేషణ యంత్రం పూర్తి సామర్థ్యంతో ఏడు గంటలు నడిస్తే 1,680 యూనిట్లు తీసుకుంటుంది. ఘటం పద్నాలుగు గంటలు నడిస్తే 700 యూనిట్లు ఇస్తుంది. అంటే దాచిన నూరు యూనిట్లలో తిరిగి వచ్చేవి సుమారు నలభై. మిగిలినది ప్రధానంగా వేడిగా పోతుంది. లిథియం బ్యాటరీ ఇదే పనిలో నూటికి ఎనభై అయిదు వరకు తిరిగి ఇస్తుంది.

ఈ నష్టానికి కారణం ఘటంలోనే ఉంది. నీటిని విడదీయడానికైనా, కలపడానికైనా సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలు. ఆచరణలో సాధారణ ఘటాలు విడదీయడానికి 1.8 వోల్టుల వరకు తీసుకుంటాయి, కలిపేటప్పుడు 0.7 వోల్టు మాత్రమే ఇస్తాయి. ఎక్కేటప్పుడు మెట్లు ఎక్కువ, దిగేటప్పుడు తక్కువ అన్నట్టుగా ఉంటుంది.

నీటి ఖర్చు, స్థలం

2024 వేసవిలో నీటి ఎద్దడిని చూసిన నగరవాసికి ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. ఒక కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది లీటర్ల శుద్ధజలం విడిపోవాలి. పైన చెప్పిన 700 యూనిట్లకు సుమారు నలభై కిలోల హైడ్రోజన్, అంటే నాలుగు వందల లీటర్ల లోపు నీరు సరిపోతుంది. ఘటం నుంచి వెలువడే నీటిని పట్టుకుంటే అందులో చాలా భాగం మళ్లీ వాడుకోవచ్చు. కనుక ఆటంకం నీరు కాదు, నిల్వ. సాధారణ పీడనంలో ఒక కిలో హైడ్రోజన్ దాదాపు 12 ఘనపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది. వాతావరణ పీడనానికి 350 రెట్లు అదిమితే అది సుమారు 42 లీటర్లకు కుదించుకుపోతుంది. అందుకు దృఢమైన తొట్లు, అదిమే యంత్రాలు, మరికొంత విద్యుత్తు కావాలి.

బరువే ముఖ్యమైన చోట ఇంధన ఘటం విలువ వేరు. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి బయలుదేరిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 చివరి దశపై ఇస్రో ఒక ఇంధన ఘటాన్ని పరీక్షించింది. 350 కిలోమీటర్ల ఎత్తున అది 180 వాట్లు ఇచ్చింది. అది ఒక దిక్కునే, అంటే విద్యుత్తును ఇచ్చే దిక్కునే జరిగిన పరీక్ష.

నివాసుల సంఘాలు గమనించవలసినవి

నాలుగైదు గంటల అవసరానికి నేడు బ్యాటరీయే తగిన సాధనం. రోజుల తరబడి నిల్వ కావలసిన ఆసుపత్రులు, గ్రిడ్ చేరని మారుమూల కేంద్రాలు హైడ్రోజన్‌ను పరిశీలించవచ్చు. ఎవరైనా ఇటువంటి ఏర్పాటును ప్రతిపాదిస్తే మూడు ప్రశ్నలు అడగాలి. లోపలికి వెళ్లిన యూనిట్లకు బయటికి వచ్చేవి ఎన్ని? హైడ్రోజన్ సౌర విద్యుత్తుతో తయారైనదా, సహజవాయువు నుంచి తీసినదా? అదిమిన వాయువు నిల్వకు పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అనుమతి ఉన్నదా?

హైడ్రోజన్‌కు రంగు, వాసన లేవు. దాని మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరినా అంటుకోగలదు. గాలికన్నా ఎంతో తేలిక కనుక బయట త్వరగా పైకి చెదిరిపోతుంది. మూసిన గదిలో మాత్రం పైకప్పు కింద పోగవుతుంది. కాబట్టి దాని చోటు గాలి ఆడే ఆరుబయటే. నేలమాళిగలో జనరేటర్ ఉన్న స్థలంలో దానిని అమర్చడానికి ఏ సంఘమూ ఒప్పుకోరాదు.