మందిరం కట్టే ముందు ఒక కాగితం



మందిరం కట్టుకున్న ఏ సంఘాన్ని అడిగినా శంకుస్థాపన రోజు చెబుతారు, స్లాబు వేసిన రోజు చెబుతారు, ప్రతిష్ఠ రోజు సరేసరి. మేస్త్రీతో రేటు మాట్లాడుకున్న రోజు మాత్రం ఎవరికీ సరిగా గుర్తుండదు. తర్వాత గొడవ వచ్చేది ఆ రోజు అనుకున్న మాటల దగ్గరే.

మాచర్ల చుట్టుపక్కల పద్ధతి మీకు తెలిసిందే. నాపరాయి దగ్గర్లోనే దొరుకుతుంది, సిమెంటు ఊళ్లోనే తయారవుతుంది. సామాను సంఘమే తెస్తుంది, కూలి పని చదరపు అడుగు లెక్కన మేస్త్రీకి ఇస్తారు. మరి ఏ చదరపు అడుగు? మందిరం గోడల బయటి కొలత 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు అనుకుందాం. 1,000 చదరపు అడుగులు. స్లాబు నాలుగు వైపులా రెండేసి అడుగులు బయటికి వస్తే దాని కొలత 44, 29. అంటే 1,276. పెద్దలు మొదటి లెక్క అనుకున్నారు, మేస్త్రీ రెండోది అనుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు, కాని 276 అడుగుల కూలి మధ్యలో నిలబడింది. గంట గోపురం సంగతి ఇంకా చిక్కు. నేల మీద అది పట్టేది పదహారు చదరపు అడుగులే, పని మాత్రం ముప్పై అడుగుల ఎత్తున, పరంజా కట్టి చేయాలి.

ఇలాంటి చిక్కులు ప్రతిచోటా ఒకే రకంగా వస్తాయి కాబట్టే నిర్మాణ రంగంలో స్టాండర్డ్ అగ్రిమెంట్లు పుట్టాయి. ప్రతి పనికీ కొత్తగా రాసుకోకుండా, షరతులన్నీ ముందే అచ్చువేసి, పని పేరు, రేటు, గడువు మాత్రం నింపుకునే పత్రాలివి. పెద్ద పెద్ద ఇంజనీరింగ్ పనులకు ఫిడిక్ అనే అంతర్జాతీయ సంస్థ 1957లో ఒకటి తెచ్చింది. మన దేశంలో భవనాల పనికి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ వారి పత్రం ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వ పనులకు మద్రాసు రోజుల నుంచి వచ్చిన స్టాండర్డ్ స్పెసిఫికేషన్లు ఉన్నాయి. కొలతల గొడవకు కూడా జవాబు అచ్చులోనే ఉంది: భవనం విస్తీర్ణం ఎలా కొలవాలో ఐఎస్ 3861, పనులు ఎలా కొలవాలో ఐఎస్ 1200 చెబుతాయి. అగ్రిమెంటులో ఆ నంబరు ఒక్కటి రాసుకుంటే చాలు, స్లాబు కొలతా గోడ కొలతా అన్న వాదన మొదలే కాదు. గోపురానికి మాత్రం విడిగా ఒక మొత్తం రాసుకోవడం మేలు.

అచ్చులో ఉన్నదంతా న్యాయమనుకోవద్దు. పత్రం ఎవరు తయారుచేస్తే వారి వైపు కాస్త మొగ్గుతుంది. మన ప్రభుత్వ స్పెసిఫికేషన్లలో 59వ క్లాజునే చూడండి. పనిలో ఆలస్యాలు, అడ్డంకులు వచ్చినా కాంట్రాక్టరు నష్టపరిహారం అడగకూడదంటుంది. దాని మీద కాంట్రాక్టర్లు హైకోర్టు దాకా వెళ్లారు. అలాంటి క్లాజును తెచ్చి ఊళ్లో మేస్త్రీ చేత సంతకం పెట్టించుకోవడం సంఘానికి తగదని నా అభిప్రాయం. కానుకలు అందక మనమే మూడు నెలలు పని ఆపితే, ఆ మూడు నెలలూ అతని సెంట్రింగ్ చెక్క మన మందిరంలోనే ఇరుక్కుపోతుంది.

గడువు దాటితే వారానికి ఇంత అని కోత రాసుకుంటారు. ఎంత పెద్ద అంకె వేస్తే అంత భయమనుకుంటారు గాని, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. రాసిన అంకె దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే.

ఎక్కువ సంఘాలు నలిగేది అదనపు పని దగ్గర. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పెద్ద వచ్చి కిటికీ పెంచమంటాడు, ఇంకొకరు వేదిక ఎత్తు చేయమంటారు, పాస్టరమ్మగారు వెనక ఒక గది అడుగుతారు. మేస్త్రీ అందరికీ తల ఊపుతాడు. చివర్లో బిల్లు చూసి అందరూ ఆశ్చర్యపోతారు. స్టాండర్డ్ అగ్రిమెంటులో దీనికి మార్గం సులువు. మార్పు చెప్పే అధికారం ఒక్కరికే ఉంటుంది, ఆర్కిటెక్టుకో ఇంజనీరుకో. అది కాగితం మీదే చెప్పాలి, రేటు పని మొదలయ్యే ముందే తేలాలి. అలాగే ప్రతి బిల్లులో కొంత శాతం ఆపి ఉంచి, ప్రతిష్ఠ రోజున కాక, ఒక వర్షాకాలం గడిచి స్లాబు కారలేదని చూశాక ఇస్తారు.

విశ్వాసుల మధ్య కాగితాలెందుకని అడిగేవారున్నారు. రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయంలో మందిరం బాగుచేయించినవారిని లెక్క అడగలేదు కదా అంటారు. నిజమే. అయితే అదే అధ్యాయంలో, ఆ డబ్బు వారి చేతికి వెళ్లకముందు రాజు లేఖకుడూ ప్రధాన యాజకుడూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టారని కూడా ఉంది. అనాతోతులో పొలం కొన్న యిర్మియా అమ్మినది పినతండ్రి కొడుకే అయినా సాక్షుల ముందు పత్రం రాయించాడు.

సంతకం ఎవరు పెడుతున్నారో కూడా చూసుకోండి. సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే దాని పేరున, తీర్మానం రాసుకుని పెట్టాలి. రిజిస్టర్ కాకపోతే, సంతకం పెట్టిన పెద్ద సొంతంగా బాధ్యుడయ్యే ప్రమాదం ఉంది. స్థలం డయాసిస్‌దో సినడ్‌దో అయితే ముందు వారి అనుమతి కావాలి.

యిర్మియా పత్రాలు రెండు, ఒకటి ముద్ర వేసినది, ఒకటి విప్పి ఉన్నది. వాటిని బారూకు మట్టికుండలో దాచాడు. మనకు బీరువా చాలు. ఒక ప్రతి అందులో, ఒకటి మేస్త్రీ దగ్గర. మేస్త్రీకి ఇంగ్లీషు రాకపోతే సంతకానికి ముందు తెలుగులో చదివి వినిపించండి.