మానవలసిన అలవాటు – చేయవలసిన దానం

పొగాకు, మద్యం మానవలెనని సంకల్పించేవారు పెక్కుమంది. ఆ సంకల్పాన్ని ఆరు మాసాలు నిలుపుకొనేవారు కొందరే. అప్పు తీర్చవలసిన సొమ్ములో కొంత ఈ అలవాట్లకే పోతున్నదని మీకు తెలియనిది కాదు. మాటకు సొమ్మును, సొమ్ముకు ధర్మాన్ని ముడివేస్తే సంకల్పం గట్టిపడుతుందా?

ఫిలిప్పీన్స్‌లోని మిండనావో ద్వీపంలో ఒక గ్రామీణ బ్యాంకు దీనిని ఆచరణలో పరీక్షించింది. పొగత్రాగేవారి కోసం ప్రత్యేక పొదుపు ఖాతా నెలకొల్పింది. కనీస జమ 50 పెసోలు, వడ్డీ లేదు. సిగరెట్లకు వెచ్చించే సొమ్మును వారం వారం అందులో వేయవలసిందిగా ఖాతాదారులను ప్రోత్సహించారు. ఆరు నెలల తరువాత మూత్రపరీక్షలో పొగాకు జాడ లేకుంటే సొమ్మంతా తిరిగి వస్తుంది. ఉంటే మొత్తం ధర్మకార్యానికి పోతుంది.

2010లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ఈ అవకాశం చూపినవారిలో 11 శాతం మంది ఒప్పుకొన్నారు. అవకాశం చూపనివారికంటె చూపినవారిలో పరీక్ష నెగ్గినవారు నూటికి ముగ్గురు అధికం. ఇది స్వల్పమని తోచవచ్చు. కాని నూటికి ఖాతా తెరిచినవారే 11 మంది అని మరువరాదు. ఏడాదికి ఆకస్మికంగా జరిపిన పరీక్షలోను ఈ తేడా నిలిచింది.

రైతు సోదరులారా! మీరూ దీనిని ఇంటనే ఆచరించవచ్చు. రోజుకు 20 రూపాయల అలవాటును మానదలచినవారు ఆ సొమ్మును హుండీలో వేయండి. 180 రోజులకు 3,600 రూపాయలగును. మాట తప్పితే మొత్తం గ్రామ పాఠశాలకు చెందునట్లు, నిలిపితే 360 రూపాయలు మీ చేతులమీదుగా ఇచ్చి తక్కినది మీరు వాడుకొనునట్లు ముందే వ్రాసుకొనండి. హుండీ తాళం మీ మాటకు లొంగని పెద్దమనిషి వద్ద ఉండవలెను.

డీలర్లు ఏనాటి చిట్టా ఆనాడే వ్రాసే అలవాటుకు ఈ పద్ధతిని వర్తింపజేయవచ్చు. చిట్టా వ్రాయని ప్రతి రోజుకు 10 రూపాయలు హుండీలో పడవలెను.

ఇందులో ఒక చిక్కు కలదు. "పోయినా మంచి పనికే కదా" అని మనసు సరిపెట్టుకొంటే పట్టు సడలుతుంది. కావున పోగొట్టుకొంటే బాధ కలిగేంత మొత్తమే ఒడ్డవలెను. అయితే అది అలవాటు సొమ్మే కావలెను గాని, బ్యాంకు వాయిదా సొమ్ము కారాదు. దానం కోసం అప్పు చేయడం, వాయిదా దాటవేయడం ధర్మమనిపించుకొనవు.